చెయ్యి కడగకుండ తిరిగిన కోట

గోవ పోయొచ్చిన అంటే మా నానక్‌రామ్‌గూడ చర్చిల ఆడోళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్విన్రు. "ఈ వయసుల నీకు గోవ ఏంది శాంతమ్మా" అన్నరు. అప్పుడు ఏం చెప్పలే. ఇప్పుడు రాస్తున్న, పోనోళ్లు చదువుకోండి. సముద్రం గురించి ఎక్కువ ఉండదు, దాన్ని నేను సరిగ చూడనే లేదు. నేను పోయింది మా మనవరాలు షారోనుకు వచ్చిన సంబంధం చూడటానికి.

మా దిక్కు దీన్ని ఇల్లు చూసుడు అంటరు. పిల్లనిచ్చేటోళ్లు పోయి పిలగాని ఇల్లు, పని, మనుషులను చూసొస్తరు. ఖాయం చేసేదాక ఆ ఇంట్ల చెయ్యి కడగరు, అంటే అన్నం ముట్టరు. నీళ్లు కూడ తాగనోళ్లున్నరు. ముట్టిన్రంటే మాట ఇచ్చినట్టే. చర్చిల పాస్టరు చేసే పెండ్లే అయినా మా ఇండ్లల్ల ఈ పద్ధతి మాత్రం ఎవరూ ఇడవలే.

పిలగాని పేరు జోయెలు. వాళ్లు కాకినాడ దిక్కోళ్లు. తండ్రి గోవల ఓడరేవు పనికి పోయి, అక్కడనే వాస్కో అనే ఊర్ల ఇల్లు చేసుకుని, అక్కడనే చనిపోయిండు. జోయెలు మా ఇంటికి దగ్గరున్న అద్దాల బిల్డింగుల షారోనుతోటి పని చేసిండు. తర్వాత ఆ పని ఇడిచిపెట్టి తల్లి దగ్గరికి పోయి, ఒక పాత కోటల కుదిరిండంట. కోట చూడ వచ్చినోళ్లను తిప్పుడు, అక్కడ పాటల కచేరీలు పెడితే కుర్చీలు, మైకులు చూసుకునుడు. ఇది విని నా కొడుకు ఇమ్మానుయేలు అగ్గి మీద గుగ్గిలమైండు. "సాఫ్ట్‌వేర్ కొలువు కాలదన్ని కోట కాడ నిలబడేటోనికి పిల్లనిస్తమా" అన్నడు. షారోను అన్నం సగం తిని లేచుడు మొదలుపెట్టింది. మనిషి చిక్కిపోయింది.

ఆఖరికి కొడుకు నా మంచం కాడ కూసోని చెప్పిండు. "అమ్మా, నాకు లీవు లేదు. నీ కోడలికి దవాఖానల డ్యూటీ. నువ్వే పోయి చూడు. నీకు నచ్చితే నాకు నచ్చినట్టే. నచ్చకపోతే ఈ ముచ్చట మళ్ల ఇంట్ల రావద్దు."

ఇంత బరువు నా నెత్తిన పెట్టిండు. ఊ అంటే పిల్ల బతుకు, ఊహూ అన్నా పిల్ల బతుకే.

పద్ధతి ప్రకారం పిల్ల రావద్దు. కాని నాకు దారి తెల్వదు, భాష రాదు, షుగరు మనిషిని. షారోనే తోడు వచ్చింది. సగం పద్ధతి ఇంటికాడ్నే పోయింది, మిగిలిన సగమన్న నిలబెట్టాలె అని మనసుల గట్టిగ అనుకున్న.

బస్సు

పండుకుని పోయే బస్సు. మాకు పై సీట్లు వచ్చినయి. నిచ్చెన ఎక్కి పండుకునుడు నాతోని కాదని క్లీనరుకు చెప్పిన. కింద సీటుల ఉన్న లావుపాటాయన లేచి, "మీరు ఇక్కడ పండుకోండమ్మా, నేను పైకి పోత" అన్నడు. కూకట్‌పల్లిల మందుల దుకాణమంట. దోస్తులతోటి గోవ పోతున్నడు, ఇంట్ల మాత్రం బెల్గాంల లెక్కల పని ఉన్నదని చెప్పిండంట.

"మీరెందుకు పోతున్నరమ్మా, పెండ్లా?" అని అడిగిండు.

"అదింకా తెల్వదు" అన్న.

ఆయన నా మొఖం చూసి, పైకెక్కి గురక పెట్టిండు. నాకు నిద్ర రాలే. బస్సు మలుపు తిరిగినప్పుడల్ల అడగాల్సిన మాటలు మనసుల అటిటు దొర్లినయి. జీతమెంత, ఇల్లు కిరాయిదా, తాగుతడా, తల్లి గయ్యాళిదా. అన్నీ అడగాలె. అడిగితే పిల్లకు కోపమొస్తది. అడగకపోతే నేను పోయి ఏం లాభం.

పణజి

పొద్దుగాల దిగినం. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటినంక, చర్చిల ఆడోళ్ల బడిల. అప్పటిసంది ఏ బోర్డు కనబడ్డా కూడబలుక్కుని చదువుడు నాకు అలవాటు. ఇక్కడ దిగినంక ఒక్క బోర్డు నాతోని మాట్లాడలే. అన్నీ ఇంగ్లీషు, లేకపోతే హిందీ అక్షరాలు. షారోను చెయ్యి గట్టిగ పట్టుకున్న.

ఒక చిన్న హోటలుకు పోయినం. హోటలు ఎవరి ఇల్లు కాదు కాబట్టి తినొచ్చు. పొయి అని గుండ్రటి రొట్టె, మీద తవుడు ఉన్నది, లోపల డొల్ల. బటానీ కూరల ముంచుకుని తినాలె. మన దిక్కు పొద్దుగాల ఇడ్లీ లేకపోతే హోటలే కాదు, వీళ్లకు ఈ రొట్టె లేకపోతే పొద్దు పొడవదంట. చాయ్‌తోని కలిపి ఇద్దరికి నూటిరవై అయింది. గచ్చిబౌలిల అంతకు ఒక్కరికి కూడ రాదు. రుచి బాగనే ఉన్నది కాని మా కొత్తిమీర తొక్కు ఒక చెంచాడుంటే బతికి బట్టకడ్తది అనుకున్న. షుగరు గోలీ కూడ అప్పుడే మింగిన.

"నానమ్మా, ఒక మాట" అన్నది షారోను. "వాళ్లను మరీ పోలీసోళ్లు అడిగినట్టు అడగకు."

"ఎట్లడగాలె మరి, పాట పాడుకుంటనా?"

"అట్ల కాదు. జోయెల్ కొంచెం టెన్షన్‌ల ఉన్నడు."

"నేను లేనా టెన్షన్‌ల" అన్న. అది నవ్వలే. దాని రొట్టె సగం పళ్లెంలనే ఉన్నది.

పడవ

ఇంటికన్న ముందుగాల పిలగాని పని చూద్దమని కోటకే బయలెల్లినం, అది నది అవతలి గట్టున ఉన్నది. అటు దాటించే ఇనుప పడవ ఉన్నది. నడిచొచ్చినోళ్లకు టికెట్టు లేదన్నరు. ఊరికే ఎక్కించుకునేది ఏదన్న ఉంటే నాకు అనుమానం. ఎక్కినంక ఆ అనుమానం నిజమే అయింది, పడవ కదలంగనే నా కడుపు కదిలింది. నది నడుమ పెద్ద పెద్ద తెల్ల ఓడలు నిలబడి ఉన్నయి. జూదమాడే ఓడలంట. వాటిని చూసుకుంట, ఈ ఊరి పిలగానికి పిల్లనెట్ల ఇస్తం అనుకుంట ఉన్నంతల, పొద్దుగాల తిన్న రొట్టె అంత బయటికొచ్చింది.

పక్కన ఒక ముసలామె ఉన్నది, నా ఈడుదే. మోకాళ్ల కిందిదాక పూల గౌను, పక్కన చేపల గంప. మా చర్చిల ఈ ఈడు మనిషి గౌనేసుకొస్తే ప్రార్థన ఆగిపోతది. ఆమె నా వీపు రుద్దింది, సీసాల నీళ్లు ఇచ్చింది, పుల్లగ ఎర్రగ ఎండిన తొక్క ఒకటి నోట్ల పెట్టింది. కోకం అంటరంట దాన్ని. ఆమె మాట్లాడింది నాకు తెల్వదు, నేను మాట్లాడింది ఆమెకు తెల్వదు. గట్టుకు చేరేదాక ఇద్దరం మాట్లాడుతనే ఉన్నం. ఆమెతోని నాకు ఏ సంబంధం లేదు గనుక ఆమె నీళ్లు నిమ్మలంగ తాగిన.

అక్కడ చేసిన తప్పు ఏందంటే, కడుపుల గోలీ ఉన్నది, రొట్టె లేదు అన్న సంగతి నేను మరిచిన.

కోట గుమ్మం

రేయిస్ మాగోస్ అంటరు ఆ కోటను. నది సముద్రంల కలిసే దారికి కాపలా ఉన్నట్టు గుట్ట మీద కూసున్నది. అంత ఎర్ర రాయి. కింద తెల్లటి చర్చి, దాని మెట్లు చూస్తే మోకాళ్లు ముందుగాలనే దండం పెట్టినయి. మా గోల్కొండ ముందర ఇది చంటిపిల్ల, కాని ముద్దుగ ఉంచిన్రు. ఎక్కడ చెత్త లేదు, గోడల మీద ప్రేమికుల పేర్లు లేవు.

జోయెలు కింద ఆటో కాడికే వచ్చిండు. నల్లగ, సన్నగ ఉన్నడు. వంగి నా కాళ్లకు మొక్కబోయి, మొక్కాల్నా వద్దా అన్నట్టు మధ్యల ఆగిండు. టికెట్లు కొనబోతే వద్దన్న, మాయి మేమే కొనుక్కున్నం.

గుమ్మం లోపల నీడల వాళ్లమ్మ కరుణ నిలబడి ఉన్నది. ఇస్త్రీ చీర, చేతుల నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియరు. వాస్కో నుంచి రెండు బస్సులు మారి మోసుకొచ్చిందంట.

"రండి పిన్నిగారూ, ప్రయాణం బాగా జరిగిందా అండి? ముందు కూర్చుని కాస్త టిఫిన్ తీసుకోండి. పులిహోర, కోడి వేపుడు, కాజాలు. తెల్లారకుండానే లేచి చేశానండి."

"ఇప్పుడు వద్దు బిడ్డా."

"పోనీ ఒక్క కాజా. నోరు తీపి చేసుకోండి."

"చూసినంక చూద్దం."

"మంచినీళ్లన్నా పుచ్చుకోండి."

"మా సీసా మాకున్నది."

ఆమె మొఖంల నవ్వు అట్లనే ఉన్నది కాని కండ్లల్లకెల్లి పోయింది. నాకు అప్పుడు అర్థం కాలే. అడిగిన తీరు చూసి, ఈమె నాతోని తొందరగ మాట తీసుకోవాల్నని చూస్తున్నది అనుకున్న. ఇంక గట్టిపడ్డ.

లోపల

జోయెలు ముందు, నేను వెనుక, ఆ వెనుక షారోను, అందరికన్న వెనుక క్యారియరుతోని కరుణ. ఇల్లు చూడబోతే నాకు కోట చూపిస్తున్నడు. వాడు చెప్పుడు బాగనే చెప్పిండు. ఓడల మీదికి గురిపెట్టిన ఫిరంగులు, తర్వాత జైలు చేసినప్పటి గదులు, గోవ మనుషుల బొమ్మలు గీసి పెట్టిన మేడ. గుమ్మం మీది గది నేలల ఒక బొక్క చూపిచ్చిండు. శత్రువు లోపలికొస్తే అక్కడికెల్లి మరుగుతున్న నూనె పోసేటోళ్లంట.

"ఎవరి మీదన్న పోసిన్రా?" అని అడిగిన.

"తెలీదు నానమ్మ గారూ. పోశారని చెప్తే జనం సంతోషిస్తారు. కానీ నాకు తెలీదు."

"జీతమెంత?"

చెప్పిండు. షారోనుకు వచ్చేదాంట్ల మూడో వంతు. వెనుకకెల్లి షారోను "నానమ్మా" అన్నది. ఇల్లు సొంతమా అన్న. రెండు గదులు, సొంతమే అన్నడు. తాగుతవా అన్న. క్రిస్‌మస్‌కు ఒక గ్లాసు వైను, ఇక్కడ అందరిండ్లల్ల ఉంటదన్నడు. ఆ మాటకు మా పాస్టరు వింటే ఏమంటడో అని నాకు ఫికరైంది. అబద్ధమాడొచ్చు గద, ఆడలే అని కూడ అనిపించింది. ఒక్క మనసుల రెండు తక్కెడలు ఊగుతున్నయి.

కరుణ ప్రతి గదిల ఒకసారి అడుగుతనే ఉన్నది. "ఇక్కడ చల్లగా ఉందండి, కూర్చుందామా?" "ఒక్క ముద్ద పెట్టనా అండి?" నేను వద్దన్నప్పుడల్ల ఆమె "అండి" ఇంకింత మెత్తగైంది.

బొమ్మల మేడకాడ నేను మూలకు ఒక బొమ్మ చూస్తున్న. గోడ అవతలికెల్లి ఆమె కొడుకుతోని అంటున్నది వినబడ్డది.

"వీళ్లకి మనం నచ్చలేదురా. మంచినీళ్లు కూడా ముట్టుకోలేదు ఆవిడ. మనిషి పెట్టింది ముట్టుకోకపోవడం కంటే మొహం మీద చెప్పేస్తే నయం. మర్యాదగా దింపేసి వచ్చేయ్."

"అమ్మా, నెమ్మదిగా."

"నెమ్మదిగానే అంటున్నాను. ఆ పిల్ల మొహం చూడలేకపోతున్నాను."

నాకు చెంప మీద కొట్టినట్టైంది. ముట్టొద్దు అన్నది వాళ్ల మర్యాద కోసమే కద మేము చేసేది. ఖాయం కాకముందు తిని, తర్వాత వద్దంటే అది మోసం. ఈమెకు అది తిరస్కారమెట్లైంది? పోయి చెప్దమని రెండడుగులేసిన. కాళ్లు నేల మీద ఆనలే.

బురుజు

గాలి కోసం బయటి బురుజు మీదికి పోయిన. ఎండ. ఒళ్లంత చెమట, చేతులు వణుకు, నది అవతల పణజి ఊరు కండ్లముందర రెండు ఊర్లైంది. రాతి గట్టు మీద కూలబడ్డ. షారోను ఉరికొచ్చింది.

"నానమ్మా, షుగర్ పడిపోయింది. గోలీ ఏసుకున్నవ్ కద, రొట్టె మొత్తం కక్కినవ్." సంచి అంత కుమ్మరించింది. బిస్కెట్లు బస్సులనే అయిపోయినయి. "జోయెల్, తీపిది ఏదన్న."

"కింద కొబ్బరిబోండాల బండి ఉంది" అని జోయెలు ఉరికిండు.

కరుణ క్యారియరు మూత తీసింది. కాజా చేతుల పట్టుకుని నా ముందర గొంతుక్కూసున్నది. నేను నోరు గట్టిగ మూసుకున్న. ఇది తింటే నా కొడుకుకు మాట ఇచ్చినట్టే. కండ్లు తిరిగి ఊ అన్న నానమ్మ అని రేపు నా పిల్ల బతుకు మీద మాట పడ్తది.

"నానమ్మా, పద్ధతి తర్వాత" అని షారోను ఏడ్చింది. "ఆంటీ, ఖాయం కాకముందు మా వాళ్లు తినరు. తింటే ఒప్పుకున్నట్టు. నేను ముందే చెప్పాల్సింది."

 కరుణ గట్టిగ అన్నది, అండి గిండి ఏం లేదు.

"ఒంట్లో బాగోలేని మనిషికి పెట్టింది ఏ లెక్కలోకీ రాదు. ఇది మందు. తర్వాత సంబంధం వద్దంటే, నేను తినిపించాననే మాట చచ్చినా ఎత్తను. నోరు తెరవండి."

తెరిచిన. పాకం గొంతులకు దిగింది. రెండోది కూడ ఆమెనే పెట్టింది. జోయెలు రొప్పుకుంట కొబ్బరిబోండం తెచ్చిండు. అదీ తాగిన. బండోడు డెబ్బై తీసుకున్నడంట, మా గల్లీల యాభై. ఆ మాట అనగల్గిన్నంటే ప్రాణం కుదుట పడ్డట్టే అని షారోను కండ్లు తుడుసుకున్నది.

"మావైపు పెళ్లిచూపుల్లో ప్లేటు ముట్టుకోకపోతే నచ్చలేదని అర్థమండి" అన్నది కరుణ. మళ్ల అండి వచ్చింది. "పొద్దుట్నుంచీ నా గుండె జారిపోతూనే ఉంది."

"మాకాడ ముట్టుకుంటే మాటిచ్చినట్టు" అన్న. "నా గుండె కూడ అదే పని చేస్తున్నది."

ఇద్దరం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. కాని పని ఇంకా అయిపోలే. అసలు మాట మిగిలే ఉన్నది. ఆ మాట అడగకుండ నేను ఇల్లు చేరితే నా కొడుకు నన్ను అడుగుతడు.

"జోయెలూ, మంచి కొలువు ఎందుకు ఇడిచిపెట్టినవ్ నాయనా?"

వాడు షారోను దిక్కు చూసిండు. షారోను నది దిక్కు చూసింది.

"వదల్లేదు నానమ్మ గారూ. తీసేశారు. మా టీం మొత్తాన్ని ఒకేరోజు పంపేశారు. తర్వాత చాలాచోట్ల తిరిగాను, దొరకలేదు. అప్పుడు ఇక్కడికి వచ్చాను."

"మరి ఇడిచిపెట్టినవని మా ఇంట్ల చెప్పిన్రు?"

"నేనే చెప్పమన్న" అన్నది షారోను. "తీసేసిన్రంటే డాడీ అస్సలు వినడని. ఇడిచిపెట్టిండంటే కనీసం పొగరన్న అనుకుంటడు అని."

నాకు కోపమొచ్చింది, వాని మీద కాదు. కొలువు పోవుడు మా గల్లీకి కొత్తదా? అద్దాల బిల్డింగులకెల్లి సంచి భుజానేసుకుని దిగి, ఇంటికి ఫోన్ చెయ్యలేక మా ఇంటి ముందరి చాయ్ బండికాడ నిలబడ్డ పిల్లలను ఎందర్ని చూసిన. వాళ్లల్ల వీడొకడు. కాని నా కొడుకు నన్ను నమ్మి పంపిండు, దొంగ మాట మీద పంపిండు. ఆ దొంగ మాట నా పక్కనే బస్సుల పండుకుని వచ్చింది.

"వీడు నూనె పోసే బొక్క చూపియ్యంగ తెల్వనిది తెల్వదన్నడు" అన్న షారోనుతోని. "నువ్వు ఇంట్ల కూసోని తండ్రికి కత చెప్పినవ్. ఫోన్ చెయ్యి. ఇప్పుడే. ఉన్నదున్నట్టు చెప్పు."

"ఇంటికి పోయినంక నిమ్మలంగ చెప్త నానమ్మా."

"నువ్వు చెప్పేదాక నేను ఈ గట్టు మీదికెల్లి లేవ."

కరుణ కొంగు నడుముల దోపి, నీడ పట్టున ఒక గుడ్డ పరిచి, నాలుగు గిన్నెలు వరుసగ పెట్టింది. మూతలు తియ్యలే. పక్కన నీళ్ల సీసా పెట్టుకుని కూసున్నది. జోయెలు నిలబడే ఉన్నడు.

షారోను ఫోన్ చేసింది. స్పీకరు పెట్టమన్న. నా కొడుకు ఎత్తిండు, వెనుక ఆఫీసు చప్పుడు. షారోను ముందుగాల ఇంగ్లీషుల మొదలుపెట్టింది. తెలుగుల చెప్పు అన్న. చెప్పింది. తీసేసిన్రని చెప్పింది. అబద్ధం తనదని చెప్పింది. జీతమెంతో కూడ చెప్పింది. 

 ఫోన్ కట్టైందేమో అని షారోను రెండుసార్లు చూసింది. కట్టు కాలే. నా కొడుకు సంగతి నాకు తెల్సు. కోపమొస్తే ఒర్రుతడు. ఒర్రుతలేడంటే లోపల ఏం నడుస్తున్నదో దేవునికే తెల్వాలె. 

అప్పుడు ఫోన్‌లకెల్లి మాటొచ్చింది.

"నానమ్మ పక్కనే ఉన్నదా?"

"ఉన్నది డాడీ."

"వాళ్లింట్ల అన్నం తిన్నదా?"

షారోను నా దిక్కు చూసింది. కరుణకు ఆ ప్రశ్న అర్థమైంది. ఆమె చెయ్యి సీసా మీద పడి ఆగింది. జోయెలు తల దించుకున్నడు.

నేను గట్టు మీదికెల్లి దిగి గుడ్డ మీద కూసున్న. రెండు చేతులు ముందుకు పెట్టిన. కరుణ నీళ్లు పోసింది, సగం నీళ్లు నా చీర మీదనే పడ్డయి.

"తింటున్నదని చెప్పు" అన్న.

పులిహోరల ఉప్పు జర తక్కువైంది. ఆ మాట కూడ కరుణకు అప్పుడే చెప్పిన.